ఎయిర్ పట్టిన ఇంజన్, అమరంలో సామాన్ల పెట్టె

సముద్రం నిమ్మళంగా ఉన్నన్నాళ్లు సతాయించని ఇంజన్ సరిగ్గా గాలి లేచిన రోజే ఆగిపోతుందని హార్బర్‌లో అంటుంటారు. అది గ్రహపాటు కాదు. ట్యాంకు అడుగున పేరుకున్న నీళ్లు, తుప్పు, నల్లటి జిగురు మామూలు రోజుల్లో కదలవు. బోటు పొర్లడం మొదలవగానే అవన్నీ లేచి డీజిల్‌తో పాటు పైపులోకి దూరతాయి, ఫిల్టర్ మూసుకుపోతుంది. ట్యాంకులో డీజిల్ తక్కువగా ఉంటే ఇంకో చిక్కు. బోటు ఒరిగినప్పుడల్లా పైపు మూతి పైకి తేలి గాలి పీలుస్తుంది. ఎయిర్ పట్టడమంటే ఇదే. నడిసముద్రంలో తగిలే రిపేరు చాలావరకు రేవులోనే తయారై ఉంటుంది. అందుకే విడిభాగాల పెట్టె గురించి చెప్పాలంటే ముందు ఇంజన్ ఆగే తీరు గురించి చెప్పాలి. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో కనిపించే డీజిల్ బోట్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ముందు బోటు సంగతి

ఇంజన్ ఆగగానే అందరూ మూత ఎత్తి కిందికి దిగబోతారు. దిగాల్సింది ఒక్కరే. మిగతావాళ్లకు పైన పని ఉంది. బోటు అలకు అడ్డం తిరిగిందంటే కింద పానా పట్టుకున్న మనిషి నిలబడలేడు. లోతు తక్కువైతే అణియం నుంచి లంగరు వదలాలి. తాడు అందనంత లోతుంటే పాత వల మూటనో, మూతి తెరిచిన గోనెసంచులనో పొడవాటి తాడుకు కట్టి అణియం నుంచే నీళ్లలోకి జారవిడవాలి. ఆ ఈడ్పుకు బోటు ముఖం గాలికి ఎదురుగా నిలుస్తుంది. వల నీళ్లలో ఉండగా ఆగితే అదే లంగరులా పట్టుకుంటుంది. కాకపోతే అది పట్టేది అమరం వైపు నుంచి, కాబట్టి వెనక అల బోటులోకి ఎక్కకుండా ఒకరు కనిపెట్టి ఉండాలి.

రాత్రయితే ఒకదాని కింద ఒకటిగా రెండు ఎర్ర దీపాలు అన్ని వైపులకూ కనబడేలా వేలాడదీయాలి. బోటు మన అదుపులో లేదని ఓడలవాళ్లకు అర్థమయ్యే గుర్తు అది. విశాఖ, గంగవరం పోర్టులకు వచ్చిపోయే ఓడల దారిలో ఉంటే ఈ పని ఎయిర్ తీయడం కన్నా ముందు జరగాలి. జీపీఎస్‌లో ఉన్న చోటు, టైమూ ఒక కాగితం మీద రాసుకోండి. మన తీరం వెంట ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఎక్కువగా ఉత్తరానికీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికీ పోతుంది. అరగంట తర్వాత మళ్లీ చూస్తే ఎటు కొట్టుకుపోతున్నారో, ఎంత వేగంగా పోతున్నారో తెలుస్తుంది. సాయం అడగాల్సి వస్తే మొదట చెప్పాల్సింది అదే.

ఎలా ఆగింది తమ్ముడూ?

సరంగు డ్రైవర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఆగే ముందు వేగం పెరిగి తగ్గి, పెరిగి తగ్గి, చివరికి ఊపిరాడనట్టు ఆగిందా? అది డీజిల్ అందకపోవడం. గేరులో ఉండగా ఒక్క కుదుపుతో టక్కున ఆగిందా? ప్రొపెల్లర్‌కు తాడో, వలో చుట్టుకుని ఉంటుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి స్టార్ట్ చేసి చూడండి. న్యూట్రల్‌లో తిరిగి, గేరు వేయగానే చస్తే ఇంజన్ తప్పు లేదు. నల్లటి పొగ కక్కుతూ మూలిగితే లోడు ఎక్కువైనట్టు, లేదా గాలి ఫిల్టర్ మూసుకున్నట్టు. టెంపరేచర్ ముల్లు పైకి పోయి ఆవిరి వస్తుంటే సముద్రపు నీరు లోపలికి రావడం లేదు. నీళ్లు పీల్చే మూతికి ప్లాస్టిక్ కవరు అతుక్కోవచ్చు, పంపులో రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు విరగవచ్చు, బెల్టు తెగవచ్చు. చల్లారేదాకా నీళ్ల ట్యాంకు మూత విప్పే పని పెట్టుకోవద్దు.

మరో మాట. పాత తరహా మెకానికల్ పంపున్న డీజిల్ ఇంజన్‌కు తిరగడం మొదలయ్యాక కరెంటుతో పని లేదు. బండి ఆగితే బ్యాటరీ వైర్లు పీకేవాళ్లున్నారు. కరెంటుతో పనిచేసే స్టాప్ వాల్వు ఉన్న ఇంజన్లు తప్ప, మిగతావాటిలో అది వృథా శ్రమ.

ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న తాడును కొన్నిసార్లు నీళ్లలోకి దిగకుండానే విప్పవచ్చు. ఇంజన్ పూర్తిగా ఆపి, ఒకరు లోపల షాఫ్టును చేత్తో వెనక్కి తిప్పుతుంటే పైనున్నవాళ్లు తాడు చివర లాగాలి. నీళ్లలోకి దిగక తప్పకపోతే తాళం చెవి దిగే మనిషి దగ్గరే ఉండాలి.

ఎయిర్ తీసే పని

డీజిల్ అందక ఆగిందని తేలాక కూడా పానా తీయకండి. ముందు ట్యాంకులో కర్ర పెట్టి ఎంత ఉందో చూడండి. ట్యాంకు కాక్ ఎవరి కాలో తగిలి మూసుకుందా? స్టాప్ కేబుల్ లాగినట్టే ఉండిపోయిందా? ఖర్చు లేని తప్పులివి, సిగ్గుపడి ఎవరూ చెప్పరు గాని రేవుల్లో ఇవి కొత్త కాదు.

తర్వాత నీరు వేరుచేసే మొదటి ఫిల్టర్ గాజు గిన్నె. అడుగున నీరుంటే డీజిల్ కింద వేరే పొరగా కనిపిస్తుంది. కింది స్క్రూ వదులు చేసి డబ్బాలోకి వంచేయాలి. ఫిల్టర్ నల్లబడితే మార్చాలి. పాత రబ్బరు రింగు పై భాగానికే అతుక్కుని ఉండిపోవడం మామూలు. అది తీయకుండా కొత్తది బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి గాలి పీలుస్తూనే ఉంటుంది, ఎంతసేపు పంపు కొట్టినా నురగ తగ్గదు.

ఇప్పుడు ఫిల్టర్ పైనున్న ఎయిర్ స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు చేతి లివరు కొట్టాలి. మొదట బుడగలు, తర్వాత నురగ, ఆ తర్వాత తేరిన డీజిల్ ధార. ధార వస్తుండగానే, లివరు కొడుతూనే స్క్రూ బిగించాలి. లివరు ఏమాత్రం బిగువు లేకుండా ఆడుతుంటే పంపు పోయిందని కంగారు పడొద్దు. లోపలి కామ్ పంపును ఎత్తిపట్టిన చోట ఇంజన్ ఆగి ఉండొచ్చు. ఇంజన్‌ను ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి. ఇదే పని ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గరా చేయాలి.

చివరిది నాజిల్ పైపులు. నాజిల్ దగ్గరి నట్లు అర చుట్టు వదులు చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తీసి స్టార్టర్ కొడితే నట్ల చుట్టూ డీజిల్ ఉబుకుతుంది. ఒక్కొక్కటీ ఉబికినకొద్దీ బిగించాలి. రెండు మూడు సిలిండర్లు అందుకోగానే ఇంజన్ దగ్గుతూ లేస్తుంది. ఈ పైపుల్లో ఒత్తిడి వాతావరణ ఒత్తిడికి దాదాపు 200 రెట్లుంటుంది. ఆ ధార చర్మాన్ని తూట్లు పొడుస్తుంది, గాయం చిన్నదిగా కనిపించినా ఒడ్డుకు చేరగానే ఆసుపత్రికి పోవాల్సిందే. కాబట్టి చేయి అడ్డం పెట్టకండి. స్టార్టర్‌ను ఒక విడతకు పదిహేను సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో ఒక నిమిషం విరామం ఇవ్వండి. రేడియోకూ దీపాలకూ కూడా అదే బ్యాటరీ అయితే నాలుగు విడతలకు ఆగి, ముందు రేడియోలో కబురు చెప్పడం తెలివైన పని.

ఫిల్టర్ మార్చినా మళ్లీ ఆగిందంటే ట్యాంకే మురికిది. అప్పుడు పనికొచ్చేది ఇరవై లీటర్ల క్యాను. శుభ్రమైన డీజిల్ నింపి, ఇంజన్ కన్నా ఎత్తులో కట్టి, రబ్బరు ట్యూబుతో నేరుగా ఫీడ్ పంపుకు కలపండి. నాజిళ్ల నుంచి వెనక్కి పోయే రిటర్న్ పైపును కూడా ఆ క్యానులోనే పెట్టాలి, లేదంటే మంచి డీజిల్ పాత ట్యాంకులోకి పోతుంది. సగం వేగంతో వస్తే ఆ క్యాను ఒకటి రెండు గంటలు నడుపుతుంది.

పెట్టెలో ఏముండాలి

ఫిల్టర్లు ప్రతి రకానివీ కనీసం రెండు, ఎందుకంటే మురికి ట్యాంకు మీద మొదటి కొత్త ఫిల్టర్ గంటలోనే మూసుకోవచ్చు. రాగి వాషర్లు గుప్పెడు. ఇంపెల్లర్, దాని మూత ప్యాకింగు. బెల్టు. హోస్ పైపు ముక్కలు, క్లిప్పులు, ఇంజన్ ఆయిలు, ఫ్యూజులు, వైరు, టేపు, ఎంసీల్. పాత సైకిల్ ట్యూబు రబ్బరును మాత్రం తక్కువ చేయకండి. చీలిన పైపు మీద లాగి చుట్టి రెండు క్లిప్పులు బిగిస్తే ఒడ్డు చేరుస్తుంది. నాజిల్ ఇనప పైపు ఒక్కో సిలిండర్‌కు ఒక్కో వంపుతో ఉంటుంది. మీ ఇంజన్‌లో తరచు పగిలేది ఏదో మెకానిక్‌ను అడిగి అది కొనండి. ఇంజెక్షన్ పంపును మోసుకుపోవడం నా దృష్టిలో దండగ. ఊగే బోటులో దాన్ని టైమింగుకు కూర్చోబెట్టడం అయ్యే పని కాదు.

చిన్న ఫైబర్ బోట్ల ఔట్‌బోర్డ్ మోటారైతే స్పార్క్ ప్లగ్గులు, షియర్ పిన్నులు, స్టార్టింగ్ తాడు చాలు. పెట్రోలు బల్బు చప్పబడి ఉండిపోతే ఏమీ విప్పకముందు ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి ఉందేమో చూడండి.

కొన్న కొత్త బెల్టునూ ఇంపెల్లర్‌నూ నేరుగా పెట్టెలో దాచకండి. వాటిని ఇంజన్‌కు బిగించి, బాగా పనిచేస్తున్న పాతవాటిని పెట్టెలో పెట్టండి. కొత్త సామాను సరిపోయిందో లేదో రేవులోనే తెలుస్తుంది, విప్పే పానా సైజూ తెలుస్తుంది. ఆ పానాను నూనె గుడ్డలో చుట్టి, దాని స్పేరుకే కట్టేయాలి. సామానుండీ పదిహేడో నంబరు పానా లేక లంగరు వేసుకున్న బోటుకు ఆ సామాను ఎందుకు? పెట్టె అంటే మరమూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము. ఇంజన్ కింద నీళ్లు నిలిచే చోట కాకుండా అమరం వైపు, చీకట్లో చేయి చాస్తే అందే చోట కట్టి ఉంచాలి.

మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ట్యాంకు దించి కడగడానికీ, కుర్ర కళాసీల చేత లైటు ఆర్పేసి ఎయిర్ తీయించడానికీ ఇంతకన్నా మంచి అదను దొరకదు. పని లేని రోజుల్లో ట్యాంకు నిండుగా ఉంచితే లోపల గాలిలోని తేమ నీరుగా మారడమూ తగ్గుతుంది.

ఎప్పుడు పిలవాలి

బయల్దేరేముందే గడువు పెట్టుకోండి. గంటలో లేవకపోతే వీహెచ్ఎఫ్ చానల్ 16లో పక్క బోట్లకు చెప్పాలి. సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554. దూరం పోతే ఇస్రో రూపొందించిన డాట్ పరికరం ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపుతుంది. ఒడ్డు వైపు కొట్టుకుపోతుంటే, గాలి పెరుగుతుంటే గంట కూడా ఆగక్కర్లేదు.

ఇంజన్ లేచి రేవు చేరాక తీసిన ఫిల్టర్‌ను పారేయకండి. డబ్బా రకమైతే కోసి, లోపలి కాగితాన్ని పరిచి చూడండి. తుప్పు పొడి ఉంటే ట్యాంకు లోపల పూత పోయింది. నల్లటి జిగురుంటే నీరూ డీజిలూ కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగాయి, ట్యాంకు కడగాలి. నీరే ఎక్కువుంటే డీజిల్ నింపే మూత రబ్బరు చూడండి, తర్వాత డీజిల్ పోయించుకునే బంకు మార్చి చూడండి. వాడిన ఫిల్టర్, వాషర్లు, క్లిప్పులు ఏవో నోటు పుస్తకంలో రాసి, మంచు వేయించుకునే లోపే కొత్తవి తెచ్చి డ్రమ్ములో వేయండి.