అప్పు సంగతి కూడా డాక్టరుకు చెప్పండి

ఒక సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు ఒక తల్లిని ఆటోలో మా క్యాజువాల్టీకి తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమటలు. మాట తడబడుతోంది. ఎవరినీ గుర్తుపట్టడం లేదు. వెంట వచ్చినవారు పక్షవాతమేమోనని ఏడుస్తున్నారు. వేలి చివర రక్తం తీసి చూస్తే షుగర్ 46 మాత్రమే ఉంది. గ్లూకోజ్ ఎక్కించిన కాసేపటికి ఆమె కళ్లు తెరిచి, "సిస్టరమ్మా, నా సంచి ఏది?" అని అడిగింది.

సంచిలో వాయిదా కార్డు, దాని మడతలో 640 రూపాయలు ఉన్నాయి. ఆ రోజు వారం వాయిదా కట్టే రోజు. ఏడు గంటలకే గ్రూపు లీడరు ఇంటి దగ్గర కూర్చోవాలి. ఆమె తెల్లవారగానే షుగర్ మాత్ర వేసుకుని, ఉన్న ఇడ్లీలు పిల్లలకు పెట్టి, తాను ఏమీ తినకుండా వెళ్లింది. గ్రూపులో ఒకామె డబ్బు తేలేదు. అందరూ కట్టేదాకా ఎవరూ లేవకూడదన్నది అక్కడి పద్ధతి. తొమ్మిదింటికి ఈమె కూర్చున్నచోటే ఒరిగిపోయింది.

ఇందులో మా తప్పు కూడా ఉంది. అంతకు రెండు నెలల ముందు షుగర్ ఎక్కువగా ఉందని మేమే ఆమె మాత్ర మోతాదు పెంచాము. నిజానికి అప్పటికి ఆమె డబ్బు కలిసి వస్తుందని మాత్రను రోజు విడిచి రోజు వేసుకుంటోంది. ఆ మాట మాకు చెప్పలేదు, మేము అడగలేదు. మేము కోప్పడేసరికి భయపడి, పెంచిన మోతాదు మొత్తం రోజూ వేసుకోవడం మొదలుపెట్టింది. "మాత్ర వేసుకుంటున్నావా?" అన్నామే గాని "తింటున్నావా?" అనలేదు.

అందుకే ఈసారి ఆరోగ్య పాఠంలో అప్పుల గూర్చి వ్రాస్తున్నాము. ఆసుపత్రి పత్రికలో వడ్డీ లెక్కలు ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మా ఓ.పీ. గదిలో కూర్చుంటే అలా అనిపించదు.

దిగులు ఒంట్లో చేసే పని

మనిషికి భయం కలిగినప్పుడు శరీరం ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. ఎడ్రినలిన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. కార్టిసాల్ కాలేయం నుండి చక్కెర రక్తంలోకి వచ్చేలా చేస్తుంది. పాము కనబడితే పరుగెత్తడానికి ఈ ఏర్పాటు బాగా పనికివస్తుంది. పాము ఐదు నిమిషాల్లో వెళ్లిపోతుంది. వాయిదా అలా వెళ్లదు, వారం వారం వస్తుంది. నెలల తరబడి ఈ హార్మోన్లు ఎక్కువగా ఉంటే బీపీ, షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్రపట్టకపోవడం, కడుపులో మంట, గుండె దడ, చిన్న మాటకే పిల్లల మీద చెయ్యి చేసుకోవడం, ఇవన్నీ దిగులు వలన రావచ్చు. గుండె దడ అని ఇక్కడొక ఈసీజీ, అక్కడొక ఈసీజీ తీయించుకుని, అందుకోసం మళ్లీ అప్పు చేసినవారిని మేము చూశాము. అయితే ఛాతీలో నొప్పి వస్తే అది దిగులేనని మీరే తీర్మానించుకోవద్దు. ముందు చూపించుకోండి.

వీధి మారింది

పెద్దవారికి జ్ఞాపకం ఉంటుంది. ఇంట్లో బియ్యం నిండుకుంటే పక్కింటి పిన్నిగారి దగ్గర ఒక శేరు తెచ్చుకునేవాళ్లం. జ్వరానికి మందులు కొనాలంటే ఎదురింటి బాబాయి చేబదులు ఇచ్చేవాడు. కిరాణా కొట్టు శెట్టిగారి ఖాతా పుస్తకంలో మన పేరుతో ఒక పేజీ ఉండేది. ఆ పుస్తకం చూస్తే కొంచెం భయం, కొంచెం ధైర్యం. ఇవన్నీ వడ్డీ లేని అప్పులు. మనం ఎవరమో తెలుసు గనుక ఇచ్చేవారు.

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల 2014లో రాజధాని మాట వచ్చాక వీధులు ఎంత త్వరగా మారాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పెంకుటిల్లు పోయి అపార్టుమెంటు లేచింది. అద్దెలు పెరిగాయి. అద్దె కట్టలేనివారు ఊరి చివరకు వెళ్లారు. పిన్నిగారు ఒకచోట, బాబాయి ఒకచోట. స్థలాల ధరలు పెరిగాయి, 2019 తర్వాత పడ్డాయి, 2024లో మళ్లీ లేచాయి. స్థలం కోసం అప్పు చేసినవారికి వడ్డీ మాత్రం ఈ పదేళ్లలో ఏ నెలా ఆగలేదు.

కొత్త చోట చేబదులు పుట్టదు. అక్కడ పుట్టేది డైలీ ఫైనాన్సు, వారం వాయిదా, ఫోన్‌లో యాప్ అప్పు. వీటిని తీసుకున్నవారు తెలివితక్కువవారని మేము అనుకోవడం లేదు. రాత్రి పదింటికి బిడ్డకు ఫిట్స్ వస్తే ఎవరు వెంటనే ఇస్తే వారి దగ్గరే ఎవరైనా తీసుకుంటారు.

వడ్డీని సంవత్సరానికి లెక్క కట్టండి

మన దగ్గర వడ్డీని నూటికి నెలకు ఇంత అని చెబుతారు. "రెండు రూపాయలేనమ్మా" అంటే తక్కువగా వినబడుతుంది. నూటికి రెండు అంటే సంవత్సరానికి 24 శాతం. మూడు అంటే 36. ఐదు అంటే 60. బ్యాంకులో బంగారం మీద అప్పు సాధారణంగా నూటికి రూపాయికి అటూ ఇటూగా ఉంటుంది. డ్వాక్రా సంఘం ద్వారా వచ్చే బ్యాంకు అప్పు వడ్డీ ఇంకా తక్కువ.

డైలీ ఫైనాన్సు లెక్క చూడండి. 10,000 అప్పు అని వ్రాసుకుని, ముందే 1,000 పట్టుకుని చేతికి 9,000 ఇస్తారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. "వెయ్యి రూపాయలేగా" అనిపిస్తుంది. కాని మొదటి రోజు నుండే మీరు అసలు తీరుస్తున్నారు. ఆ తొమ్మిది వేలు వంద రోజులూ మీ దగ్గర ఉండవు. సగటున చూస్తే అందులో సగమే మీ వాడకంలో ఉంటుంది. ఆ విధంగా సంవత్సరానికి లెక్క కడితే వడ్డీ సుమారు 78 శాతం అవుతుంది. మా అకౌంట్స్ విభాగంలోని సోదరుడు ఈ లెక్క వేసి చూపించినప్పుడు మేమే రెండుసార్లు మళ్లీ వేయించాము.

వాయిదాల అప్పులో ఎప్పుడూ అడగవలసిన ప్రశ్న ఒకటుంది. వడ్డీ మొత్తం అసలు మీదనా, తగ్గుతూ వచ్చే బాకీ మీదనా? 10,000 మీద సంవత్సరానికి 24 శాతం మొత్తం అసలు మీద వేసి, పన్నెండు నెలలకు పంచి కట్టించుకుంటే నెలకు 1,033 రూపాయలు. బాకీ నెలనెలా తగ్గుతోంది గనుక అసలైన వడ్డీ 24 కాదు, 41 శాతం పైచిలుకు.

బ్యాంకు పనులు

ఖాతాలో డబ్బు లేనప్పుడు ఈఎంఐ తిరిగిపోతే సాధారణంగా బ్యాంకు ఒక రుసుము, అప్పు ఇచ్చినవారు మరొక రుసుము వేస్తారు. జీతం పడే తేదీకి రెండు రోజుల తర్వాత ఈఎంఐ తేదీ ఉండేలా మార్చమని అడగండి. చిన్న పనే గాని చాలామంది అడగరు. కనీస నిల్వ ఉంచలేనివారు, ఆ నిబంధన లేని ప్రాథమిక పొదుపు ఖాతాకు మార్పించుకోవచ్చు. జన్‌ధన్ ఖాతా సక్రమంగా నడిపినవారికి, బ్యాంకు అంగీకరిస్తే, 10,000 రూపాయల వరకు ఓవర్‌డ్రాఫ్టు ఇచ్చే ఏర్పాటు 2018లో వచ్చింది. ఓవర్‌డ్రాఫ్టు అంటే మన ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకోవడం. అదీ అప్పే, కాకపోతే డైలీ ఫైనాన్సు కంటే ఎంతో నయం.

ఇంటి అప్పు సంగతి వేరు. 8.5 శాతం వడ్డీకి 10 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు 8,678 రూపాయలు. మొత్తం కట్టేది 20 లక్షల 80 వేలు దాటుతుంది. ఇల్లు కట్టుకోవద్దని కాదు, ఈ లెక్క భార్యాభర్తలిద్దరికీ తెలిసి ఉండాలని మా మనవి. వాయిదా 90 రోజులు దాటి బాకీపడితే బ్యాంకు దానిని మొండి బాకీగా వ్రాస్తుంది. ఆ తర్వాత 2002 నాటి చట్టం క్రింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే దారి దానికి ఉంది. కాబట్టి మొదటి వాయిదా తప్పబోతున్నప్పుడే మేనేజరు గారిని కలవండి. డిశ్చార్జి కాగితం, బిల్లులు తీసుకువెళ్లి, గడువు పెంచి నెల వాయిదా తగ్గించమని వ్రాతపూర్వకంగా అడగండి. బ్యాంకు వాయిదా కట్టడానికి డైలీ ఫైనాన్సు తీసుకోవద్దు. మేము చూసిన కుటుంబాల్లో ఇల్లు పోగొట్టుకున్నవారు ఎక్కువగా ఈ మెట్టు దగ్గరే జారారు.

వాయిదాకూ మందుకూ పోటీ వస్తే

బీపీ, షుగర్, ఫిట్స్, గుండె జబ్బు, టీబీ మందులను డబ్బు లేదని ఒక్క పూట కూడా మీ అంతట మీరు ఆపకండి, సగం చేయకండి. పక్షవాతం వచ్చి మంచాన పడితే అప్పు తీర్చే చేతులే పడిపోతాయి. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. బీపీ, షుగర్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి. ఖరీదైన బ్రాండు బదులు జనరిక్ మందు వ్రాయమని అడిగితే మేము కోప్పడము. అడగండి.

షుగర్ మాత్ర వేసుకున్నా, ఇన్సులిన్ తీసుకున్నా భోజనం మానకూడదు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకురండి.

ఇంటి ముందు నిలబడి అరిస్తే

వారం వాయిదాల ఒత్తిడి వలన మన రాష్ట్రంలో ప్రాణాలు తీసుకున్నవారి గూర్చి 2010లో అందరమూ విన్నాము. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2015లో విజయవాడ కాల్ మనీ వ్యవహారం బయటపడింది. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుండి సూక్ష్మ రుణాలకు కొన్ని నియమాలు పెట్టింది. ఇంటి మొత్తం వాయిదాలు ఆ ఇంటి నెల ఆదాయంలో సగం దాటేలా అప్పు ఇవ్వకూడదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. బంధువులను వేధించకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. అప్పు యాప్‌లు మీ ఫోన్‌లోని నంబర్లు, ఫోటోలు లాక్కోకూడదని కూడా అదే ఏడాది చెప్పింది. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల మీద ఫిర్యాదు ఎలా చేయాలో 14448 లో చెబుతారు. యాప్‌ల మోసానికి 1930. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయరును ఇస్తారు. ఆ నంబరు 15100.

ఇంట్లో ఎవరైనా "నేను పోతే మీకు అప్పు ఉండదు" వంటి మాట అంటే ఊరికే అన్నారని వదలకండి. నేరుగా అడగండి, ఆ రాత్రి ఒంటరిగా ఉంచకండి. పురుగుమందు డబ్బాలు ఇంటి నుండి తీసివేసి వేరేచోట తాళం వేయండి. 14416 కు ఏ వేళనైనా ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. లేదా మా దగ్గరకు తీసుకురండి. ఓ.పీ. చీటీ లేదని ఎవరూ వెనక్కి పంపరు.

ఆ తల్లి సంగతి. ఆమె మాత్రను మార్చి మోతాదు తగ్గించాము. ఆమె వెంట మా సోషల్ వర్కరు వెళ్లి లీడరుతో మాట్లాడింది. ఆ గ్రూపులో మరి ముగ్గురికి షుగర్ ఉందని అక్కడే తెలిసింది. ఇప్పుడు వారి సమావేశం పదింటికి జరుగుతోంది. కిందటి నెల ఆమె చూపించుకోవడానికి వచ్చి, మేము అడగకముందే సంచిలోనుండి మూడు తీసి బల్ల మీద పెట్టింది. మాత్రల అట్ట, వాయిదా కార్డు, టిఫిన్ డబ్బా. కార్డులో ఇంకా పదకొండు వారాలు మిగిలి ఉన్నాయి.