వాషింగ్టను శిలావిగ్రహము: ఒక పాఠము

విద్యార్థులారా! అమెరికా సంయుక్త రాష్ట్రములలో వర్జీనియాకు ముఖ్యపట్టణమైన రిచ్‌మండునందు, శాసనసభా భవనము నడుమ, జార్జి వాషింగ్టనుగారి పాలరాతి విగ్రహ మొకటి గలదు. స్వాతంత్ర్య యుద్ధమున సేనాధిపతియై, పిమ్మట నా దేశమునకు ప్రథమాధ్యక్షులైన యీ మహనీయుని విగ్రహములలో నిది మిక్కిలి పోలిక గలదని పెద్దలు చెప్పుదురు. దీని పటమును మేము తరగతిలో చూపినప్పుడెల్ల బాలురు మొదట కత్తి యెక్కడనున్నదో వెదకుదురు. మన పాఠమును నక్కడనే మొదలుపెట్టుదము.

1784వ సంవత్సరమున వర్జీనియా శాసనసభవారు ఈ విగ్రహమును చేయింప నిశ్చయించిరి. పారిసునందుండిన జెఫర్సనుగారు హూడో యను శిల్పిని కుదిర్చిరి. హూడో పటమును జూచి చెక్కుట కిష్టపడక, సముద్రము దాటి, 1785 అక్టోబరులో మౌంటు వెర్ననునందలి వాషింగ్టనుగారి యింటికి వచ్చి, ఆయన ముఖముపై తడి ప్లాస్టరు వేసి యచ్చు తీసికొనెను. ప్రాచీన రోమనుల వేషము గాక తమ కాలపు దుస్తులే యుండుట వాషింగ్టనుగారికి సమ్మతమయ్యెను. విగ్రహము 1796లో నెలకొల్పబడెను.

ఇప్పుడు నిదానించి చూతము. కుడిచేతనున్నది కత్తి కాదు, చేతికర్ర. ఎడమచేయి 13 బద్దల కట్టపై నానియున్నది. అవి మొదట నేకమైన 13 రాష్ట్రములకు గుర్తు. కత్తి యా కట్టకు వ్రేలాడుచున్నది. పాదముల వెనుక నాగలి గలదు. యుద్ధము ముగిసిన పిమ్మట, 1783 డిసెంబరు 23వ తేదీన, అనాపొలిసునందు వాషింగ్టనుగారు సేనాధిపత్యమును ప్రజాప్రతినిధులకు మరల నొప్పగించి తమ పొలమునకు బోయిరి. గెలిచిన సైన్యము చేతనుండగా రాజ్యము నాశింపకుండుట సామాన్యము గాదు. శిల్పి చెప్పదలచిన దిదియే.

ఈ సంగతి మేము వివరించుచుండగా, కూలి చేసికొను తల్లిదండ్రుల బిడ్డ యొకడు లేచి, “అయ్యా, ఆ నాగలి పట్టి దున్నింది ఆయనేనా అండీ?” అని యడిగెను. మేము వెంటనే యుత్తరము చెప్పలేకపోతిమి. మరునాడు చదివి చెప్పితిమి.

1799లో మౌంటు వెర్ననునందు 317 మంది బానిసలుండిరి. వారిలో 123 మంది వాషింగ్టనుగారి సొంతము. అక్కడి పొలములు దున్నినది వారే. వారి రూప మీ రాతిలో లేదు. తన బానిసలకు భార్య మరణానంతరము విడుదల కలుగవలెనని యాయన మరణశాసనమున వ్రాసిరి. ఆమె తన జీవితకాలముననే, 1801 జనవరి 1వ తేదీన, వారిని విడిచిపెట్టెను. ఆమె మొదటి భర్త యాస్తికి చెందిన తక్కిన బానిసలకు మాత్రము ఆ విడుదల దొరకలేదు.

అయినచో విగ్రహము అబద్ధమా? కాదు. అధికారమును విడిచిపెట్టుట నిజమే. కాని రాయి చెప్పినది కొంత. చెప్పనిది మనము చదివి తెలిసికొనవలెను. మంచిని దాచి నిందించుటయు, చెడ్డను దాచి పొగడుటయు రెండును తప్పే.

ఆ బాలుడు తన పుస్తకమున నాగలి బొమ్మ గీసి, మేడి పట్టిన మనుష్యు నొకనిని దానికి చేర్చెను. మేము దానిని దిద్దలేదు.

మన యూళ్ల కూడళ్లలో విగ్రహము కనబడినప్పుడు మీరును మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఈయన చేత నేమున్నది? ఏమి విడిచిపెట్టెను? ఈ రాతిలో కనబడనివా రెవరు? కత్తి విడిచిన చేయియు, మేడి పట్టిన చేయియు దేవుని యెదుట కనబడుచునే యున్నవి.