కొల్లేటి పరిసరాల్లో తొట్టెలలో క్యారెట్ పెంపకం: మట్టి, నీరు, అదను

పరిచయం

క్యారెట్ చల్లని వాతావరణాన్ని, గుల్లగా ఉండే లోతైన నేలను కోరే దుంపకూర పంట. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరు పరిసరాల్లో ఈ రెండూ కొరతే. ఇక్కడి బరువైన బంకనేలలో వేరు సూటిగా దిగలేక చీలిపోతుంది. భూగర్భ జలం పైకే ఉండటంతో నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. తాడేపల్లిగూడెం దాటి వెంకటరామన్నగూడెం వైపు మెట్టకు వెళితే ఎర్ర గరప నేలలు కనిపిస్తాయి. డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం నెలకొన్నది ఈ మెట్టలోనే. మెట్ట మట్టిని తొట్టెలో నింపి డాబాపై ఉంచితే పల్లపు గ్రామంలోనూ నేల సమస్య తీరుతుంది. అయితే తొట్టె పరిష్కరించేది నేల సమస్యను మాత్రమే. నీటిలోని ఉప్పును, వాతావరణంలోని వేడిని అది తగ్గించలేదు. విస్తరణ శాస్త్రవేత్తలు గృహిణులకు, మిద్దెతోటల పెంపకందారులకు సలహా ఇచ్చేటప్పుడు ఈ తేడాను ముందుగా వివరించాలి.

తొట్టె, మట్టి మిశ్రమం

పొడవు రకాలకు కనీసం 30 సెం.మీ. లోతు గల తొట్టె అవసరం. పొట్టి రకాలకు 20 నుంచి 25 సెం.మీ. లోతు చాలు. అడుగున రంధ్రాలు తప్పనిసరి. రెండు పాళ్లు మెట్ట ఎర్రమట్టి, ఒక పాలు నది ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు కలిపి జల్లెడ పట్టాలి. రాళ్లు, గడ్డలు, పచ్చి ఎరువు ఉంటే దుంపలు చీలి, పీచు వేర్లు అధికమవుతాయి. వేరుబుడిపె నులిపురుగులు కూడా దుంపను వికృతం చేస్తాయి కాబట్టి మిశ్రమంలో వేపపిండి కలపడం మంచిది.

గోదావరి జిల్లాల్లో కొబ్బరి పొట్టు సులభంగా దొరుకుతుంది. శుద్ధి చేయని పొట్టులో సోడియం, క్లోరైడు లవణాలు ఉంటాయి. కనుక మంచినీటిలో రెండు మూడు సార్లు నానబెట్టి, పిండి, ఆ నీటిని పారబోసిన తరువాతే వాడాలి. కొల్లేటి గుర్రపుడెక్కతో చేసిన కంపోస్టు మంచి సేంద్రియ పదార్థమే. అయితే ఈ మొక్కకు భారలోహాలను పీల్చి నిల్వచేసుకునే స్వభావం ఉంది. పట్టణాల మురుగు లేదా పరిశ్రమల వ్యర్థాలు కలిసే కాలువల నుంచి తీసిన గుర్రపుడెక్కను దుంపకూరలకు వాడరాదు.

అదను, రకాలు

దుంపలో మంచి రంగు ఏర్పడటానికి 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. వేడి పెరిగేకొద్దీ రంగు పాలిపోతుంది, దుంప పొట్టిగా తయారవుతుంది. ఏలూరు ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రివేళ మాత్రమే ఈ స్థాయికి చేరువైన చల్లదనం లభిస్తుంది. పగటి ఉష్ణోగ్రత అప్పుడు కూడా 30 డిగ్రీలకు దగ్గరగానే ఉంటుంది. కాబట్టి దుంప ఊరే దశ ఈ రెండు నెలల్లోకి వచ్చేలా అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్యలోపు విత్తాలి. డిసెంబరు చివర విత్తిన పంట దుంప దశ మార్చి ఎండల పాలవుతుంది.

భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా కేసర్, పూసా మేఘాలి, పూసా రుధిర రకాలు ఆసియా వర్గానికి చెందినవి. ఇవి ఐరోపా వర్గపు నాంటిస్ కంటే వేడిని మెరుగ్గా తట్టుకుంటాయి. డెల్టాలో మొదటిసారి పెంచేవారికి వీటిని సూచించడం క్షేమం.

విత్తడం, యాజమాన్యం

క్యారెట్‌కు నారు పోయరాదు. పీకి నాటితే తల్లివేరు తెగి దుంప చీలుతుంది. ఒక సెంటీమీటరు లోతులో నేరుగా విత్తి, మొలకెత్తే వరకు పైపొర ఆరకుండా తడి గోనెసంచి కప్పాలి. మొలక రావడానికి 7 నుంచి 15 రోజులు పడుతుంది. మొలకలు కనిపించగానే సంచి తీసివేయాలి. నవంబరు తుపాను వానలకు విత్తనం కొట్టుకుపోకుండా తొట్టెలను చూరు కిందకు జరపాలి. మొక్కలు రెండు మూడు ఆకులు తొడిగాక 6 సెం.మీ. ఎడం ఉండేలా ఒత్తు మొక్కలను తీసివేయాలి. మట్టిపైకి తేలిన దుంప తల ఎండ తగిలి పచ్చబడుతుంది కనుక మట్టి ఎగదోయాలి. నత్రజని ఎక్కువైతే ఆకు పెరిగి దుంప తగ్గుతుంది. మట్టి బాగా ఆరనిచ్చి ఒక్కసారిగా నీరు పోస్తే దుంపలు పగులుతాయి.

నీటి నాణ్యత

ఉప్పుకు అతి సున్నితమైన కూరగాయలలో క్యారెట్ ఒకటి. సాగునీటి విద్యుత్ వాహకత మీటరుకు 0.7 డెసిసీమెన్స్ దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. 3.0 వద్ద సగం పడిపోతుంది. కొల్లేటి నీరు సముద్రంలో కలిసేది ఉప్పుటేరు ద్వారా. వేసవిలో ప్రవాహం తగ్గినప్పుడు సముద్రపు నీరు అదే దారిన ఎగువకు తోసుకువస్తుంది. ఈ పల్లపు గ్రామాల్లో అనేక చోట్ల బోరు నీరు ఉప్పగా ఉండటం తెలిసినదే.

తొట్టెలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. 45 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. లోతు గల తొట్టెలో సుమారు 40 లీటర్ల మట్టి పడుతుంది. విద్యుత్ వాహకత 1.0 ఉన్న నీటిలో లీటరుకు దాదాపు 640 మిల్లీగ్రాముల లవణాలు ఉంటాయి. ఆ నీటిని రోజుకు లీటరున్నర చొప్పున 90 రోజులు పోస్తే మొత్తం 135 లీటర్లతో పాటు 86 గ్రాముల లవణాలు తొట్టెలోకి చేరతాయి. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం అడుగు రంధ్రాల గుండా కడిగితే తప్ప పోదు. ఆకు కొనలు మాడటం, తొట్టె అంచున తెల్లని పొర కట్టడం దీని గుర్తులు. ఈ దశలో మొక్క వాడితే నీరు చాలలేదని భావించి అదే నీటిని మరింత పోస్తే నష్టం రెట్టింపవుతుంది.

అందువల్ల విత్తే ముందే నీటిని పరీక్ష చేయించాలి. బోరు నీరు పనికిరాకపోతే మంచినీటి కాలువ నీరు వాడాలి, లేదా అక్టోబరు, నవంబరు వానల్లో డాబా నీటిని డ్రమ్ముల్లో నిల్వచేయాలి. పైన చెప్పిన లెక్క ప్రకారం ఒక తొట్టెకు 200 లీటర్ల డ్రమ్ము ఒకటి సరిపోతుంది. పది పన్నెండు రోజులకు ఒకసారి అడుగు నుంచి ధారాళంగా కారేంత మంచినీరు పోసి లవణాలను కడగాలి.

దిగుబడి, ముగింపు

ఇదే కొలత తొట్టెలో 6 సెం.మీ. ఎడంతో సుమారు 35 మొక్కలు పడతాయి. రకాన్ని బట్టి 80 నుంచి 110 రోజుల్లో దుంపలు తీయవచ్చు. ఒక్కొక్కటి 50 గ్రాములు తూగితే మొత్తం 1.75 కిలోలు వస్తాయి. కుటుంబ అవసరమంతా ఒక తొట్టెతో తీరుతుందని చెప్పడం సరికాదు. ఇంటి పిల్లలకు మందులు చల్లని తాజా దుంపలు కొన్ని వారాలపాటు అందుతాయని చెప్పడం వాస్తవం.

కొల్లేటి గ్రామంలో తొట్టె విఫలమైతే నింద సాధారణంగా విత్తనంపై పడుతుంది, ఆ ఇంటివారు మరుసటి ఏడు తొట్టె జోలికి పోరు. సలహా ఇచ్చేవారు విత్తన పొట్లం అందించే ముందు ఏ నీరు పోస్తారు, ఏ తేదీన విత్తుతారు అనే రెండు ప్రశ్నలు అడగాలి. వాటికి సరైన సమాధానం లేనిచోట ఆ ఏడాది క్యారెట్‌కు బదులు ఉప్పును, వేడిని మెరుగ్గా ఓర్చుకునే పాలకూరను సూచించడమే ఉచితం.