గంజిలో ఏం పోతోంది?

విటమిన్ బి అంటే ఒక్కటి కాదు, ఎనిమిది రకాలు. అన్నీ కలిపి బి-కాంప్లెక్స్ అంటారు. ఇవి నీళ్ళలో కరుగుతాయి. బి12 తప్ప మిగతావి ఒంట్లో ఎక్కువ రోజులు నిలవ ఉండవు, అందుకని రోజూ తిండిలో రావాలి. బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకుంటే మూత్రం పచ్చగా వస్తోందని కొంతమంది భయపడి మానేస్తున్నారు. భయం లేదు. ఒంటికి ఎక్కువైన బి2 బయటికి పోతోంది, దాని రంగే పసుపు.

పెదవుల మూలలు పగలడం, నాలుక మండడం మనలో చాలామందికి ఉంది. బి2 తక్కువైతే అలా అవుతుంది. పాలు, గుడ్డు, ఆకుకూరల్లో అది దొరుకుతుంది. కానీ బి1 తక్కువైతే వచ్చేది పెద్ద జబ్బు, దాని పేరు బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కి నడవలేరు, గుండె కూడా బలహీనపడుతుంది.

ఈ సంగతి కోళ్ళ వల్ల తెలిసింది. 1890 ప్రాంతంలో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు పెంచే కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి. మిలటరీ ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం వాటికి పెడుతున్నారు. ఇంతలో కొత్త వంటవాడు వచ్చి, మిలటరీ అన్నం కోళ్ళకు ఇవ్వనన్నాడు. ముడి బియ్యం పెట్టారు. కోళ్ళు లేచి తిరిగాయి! (పిసినారి వంటవాడు ఎంత మేలు చేశాడో చూడండి.) తెల్ల బియ్యంలో ఏదో విషం ఉందని ఐక్‌మన్ అనుకున్నారు. 1901లో గ్రైన్స్ అనే డాక్టరు, విషం కాదు, తవుడుతోపాటు ఒంటికి కావలసినదేదో పోతోంది అన్నారు. అదే బి1. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

మిల్లులో తవుడు పోగా మిగిలిన కాస్త బి1ని కూడా మనం ఉంచం. బియ్యం నాలుగుసార్లు పిసికి కడుగుతాం, గంజి వార్చి కాలువలో పోస్తాం. మా అమ్మమ్మ గంజిలో ఉప్పేసుకుని తాగుతుంది. ఆ మాట ఇక్కడ చెబితే "గంజి తాగేవాళ్ళు" అని నవ్వుతారు. అంబలి అన్నా నవ్వే. చోళ్ళు పొట్టుతోనే పిండి పట్టిస్తాం, అందుకే అంబలిలో బి1 పోదు. నవ్వేవాళ్ళు కోళ్ళ కథ ఇంకోసారి చదవండి.

అత్తెసరు పెడితే అడుగంటుతుందని వంట పిన్ని అంది. మన గుండిగ అంత పెద్దది, నిజమే. అయితే బియ్యం రెండుసార్లే కడిగి, వార్చిన గంజి చారులో పోయొచ్చు కదా. వార్డెన్ మేడమ్ గారూ, ఈ ఆదివారం ఒక్క పూట అలా చేయించి చూడండి. చారు చిక్కగా కూడా ఉంటుంది.