పెంపకపు మండ్రగబ్బలో ఉబ్బిన ఉదరం: చూలా, అతిపోషణా, నిర్మోచనమా?

ప్రయోగశాలలో పెంచే మండ్రగబ్బ (హెటెరోమెట్రస్ ప్రజాతి) ఉదరం ఉబ్బగానే చూలుగా నమోదు చేయడం తొందరపాటు. వీపు ఫలకాలకూ అడుగు ఫలకాలకూ నడుమనున్న పార్శ్వపు పొర మేతతోనైనా పిండాలతోనైనా ఒకే తీరున సాగుతుంది.

ముందుగా చూడవలసినవి వయస్సు, లింగం. ప్రౌఢ దశకు చేరిన తేలు మరల కుబుసం విడువదు. చూలుగా నమోదైనది కుబుసం విడిచినచో ఆ నమోదు తప్పని వేరే చెప్పనక్కరలేదు. నిర్మోచనానికి సిద్ధమైన పిల్లతేలు మేత మాని మందకొడిగా ఉంటుంది, రంగు మసకబారుతుంది. అప్పుడు పెట్టెలో కీచురాళ్లను వదలరాదు. కుబుసం విడిచిన మెత్తని శరీరాన్ని అవి కొరికివేయగలవు. లింగాన్ని అడుగునగల దువ్వెన వంటి అవయవాలు తెలుపుతాయి. మగదానిలో వాటి పళ్లు పొడవు.

అసలు చిక్కు ప్రౌఢమైన ఆడతేలుతోనే. నీరు ఆపక, కొన్ని వారాలు మేత తగ్గించి చూడాలి. అతిగా తిన్నదైతే ఉదరం మెల్లగా తగ్గుతుంది. చూలుదైతే తగ్గదు, సాగిన పొరగుండా తెల్లని పిండాలు ఒక్కొక్కప్పుడు కనిపిస్తాయి. పెట్టెలో మగదానిని ఉంచలేదన్న కారణంతో చూలును తోసిపుచ్చరాదు: గర్భధారణ అనేక నెలలు సాగుతుంది, బయట పట్టి తెచ్చినది అంతకుముందే జతకట్టి ఉండవచ్చు. సందేహం తీరేవరకు దానిని చూలుదిగానే ఎంచి ఒంటరిగా, కదల్చక ఉంచాలి. తొలి నిర్మోచనం వరకు పిల్లలు తల్లి వీపుపైనే ఉంటాయి. కలత చెందిన తల్లి వాటిని తినివేయడం కద్దు.