రూపకర్త నేర్వవలసిన రెండవ భాష

జరీ, జాందానీ అను మాటలు పారసీ నుండి వచ్చి తెలుగు మగ్గమునకు చేరినవి. జమ, ఖర్చు, బాకీ అనునవి అరబీ, పారసీల నుండి వచ్చి మన లెక్కల పుస్తకములలో స్థిరపడినవి. మొదటివి కళకు చెందిన మాటలు, రెండవవి వర్తకపు మాటలు. చీరకు నమూనా గీయువారు ఈ రెండు భాషలను నేర్వవలెను.

చిట్టమూరుకు పడమట నున్న వెంకటగిరి సన్నని నూలు చీరలకు, జాందానీ బుటాలకు పేరుగన్నది. అచట ఒక చీర 6 దినములలో పూర్తియగుననుకొందము. కొత్త బుటా వలన 9 దినములు పట్టినచో, 18 దినములలో 3 చీరలకు బదులు 2 మాత్రమే దిగును. నేతగాని దినకూలి తగ్గకుండవలెనన్న, ఒక్కొక్క చీరకు కూలి ఒకటిన్నర రెట్లు కావలెను. "బుటా అందముగా నున్నది" అను వాక్యము ఈ లెక్కకు సమాధానము కాజాలదు. ధర పెరుగని యెడల ఆ అందమునకు మూల్యము చెల్లించువాడు నేతగాడే.

కావున నమూనాతో పాటు మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధముగా నుండవలెను. కొనువారెవరు? పెట్టుబడి ఎన్నాళ్లు మగ్గముపై నిలిచిపోవును? మరమగ్గపు చీరను విడిచి దీనినే ఏల కొనవలెను?

మూడవ ప్రశ్నకు జవాబు చీర వెనుక వైపుననే ఉన్నది. మరమగ్గపు నేతలో పోగులు బుటా నుండి బుటాకు సాగును, లేదా కత్తిరింపబడును. జాందానీలో ప్రతి బుటాకును చేతితో వేరుగా పోగు నేయుదురు. ఈ భేదమును విలువగా గుర్తించు కొనుగోలుదారుని వెదకి, అతనికి దానిని చూపుటయే వ్యాపార వ్యూహము.

విద్యార్థి మిత్రులారా! చిత్రలేఖనము నేర్చినవారు వాణిజ్యశాస్త్ర విద్యార్థి ప్రక్కన కూర్చుండి, ఒక్క చీరకు ఖర్చు కట్టి చూడుడు. రెండవ భాషకు అదియే మొదటి పాఠము.