విత్తనం ఎవరి చేతిలో?

యోసేపు ఏడేళ్లు ధాన్యం నిల్వచేసి కరువులో ప్రజలను బ్రతికించిన వృత్తాంతం (ఆదికాండము 41) మనందరికీ తెలుసు. 47వ అధ్యాయాన్ని మాత్రం అంతగా చదవం. అక్కడ అదే ప్రజలు తిండి కోసం, విత్తనం కోసం తమ పొలాలను ఫరోకు అప్పగించి, పంటలో ఐదవ వంతు చెల్లించే స్థితికి వచ్చారు. ఆకలి తీరింది, భూమి పోయింది. జన్యుమార్పిడి పంటలను గూర్చి ఆలోచించేటప్పుడు ఈ రెండు అధ్యాయాలనూ కలిపి చదవాలి.

జన్యుమార్పిడి అంటే ఒక జీవిలోని జన్యువును ప్రయోగశాలలో మరొక జీవిలో చేర్చడం. మట్టిలోని ఒక బాక్టీరియా జన్యువును చేర్చగా వచ్చినదే బి.టి. పత్తి. దాన్ని తిన్న కాయతొలుచు పురుగు చస్తుంది. 2002లో మన దేశం దీనికి అనుమతినిచ్చింది. మొదట్లో పురుగుమందుల వాడకం తగ్గింది. ఇది కాదనలేని మేలు. కాలక్రమంలో గులాబీరంగు పురుగు దానికి తట్టుకోవడం నేర్చింది. పైగా అది హైబ్రిడ్ విత్తనం, ఏటా కొనక తప్పదు. ధర భారమై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో ఎం.ఆర్.టి.పి. కమిషన్‌ను ఆశ్రయించాకే 450 గ్రాముల ప్యాకెట్టు 750 రూపాయలకు దిగింది.

ఆహార పంటల విషయంలో దేశం మరింత ఆచితూచి నడిచింది. బి.టి. వంకాయను కేంద్రం 2010 ఫిబ్రవరి 9న నిలిపివేసింది. 2025 మే 4న ప్రకటించిన ‘కమల’ వరి వేరే తరహాది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ సాంబమసూరి సొంత జన్యువునే సవరించి దాన్ని రూపొందించింది. అందులో పరాయి జన్యువు లేదు.

మరి మన చంద్రగిరి మెట్టచేల మాటేమిటి? వానను నమ్ముకున్న శెనక్కాయ రైతుకు తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం నారాయణి, ధరణి రకాలను అందించింది. ఇవి రెండు రకాలను కలిపి మేలైనవాటిని ఏరే పాత పద్ధతిలో వచ్చినవి. మంచి కాయలు దాచుకుంటే మరుసటి కారుకు అవే విత్తనం.

శ్రీసభ ఈ శాస్త్రాన్ని గుడ్డిగా ఖండించలేదు. 2015 నాటి ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో (134) ఫ్రాన్సిస్ పోపుగారు, ఈ పంటలు మనుషులకు హానికరమని తిరుగులేని రుజువు లేదని అంగీకరిస్తూనే, భూములు కొద్దిమంది చేతుల్లోకి పోయి చిన్న రైతు కనుమరుగవుతున్నాడని హెచ్చరించారు.

కనుక కొత్త విత్తనం వచ్చినప్పుడు మన విచారణ కూటాల్లో మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది ఆకలి తీరుస్తుందా? తినేవారికీ నేలకూ హాని లేదని పరీక్షించారా? పేద రైతు దీన్ని దాచుకుని మళ్లీ విత్తగలడా? మొదటి ప్రశ్నతోనే ఊరుకుంటే మనం 41వ అధ్యాయం దగ్గరే పుస్తకం మూసినట్టు.